ఇచ్చట వాటాలు అద్దెకివ్వబడును

మొన్న ఆదివారం పొద్దున్న, మా వారు రెండో కాఫీ కోసం వంటింటి గుమ్మంలో తచ్చాడుతున్న వేళ, అమెరికా నుంచి మా అక్కయ్య కూతురు ఫోను చేసింది. వాళ్ళకప్పుడు శనివారం రాత్రి. అంత తీరిగ్గా అది నాకు ఫోను చేసిందంటే ఆవకాయ కొలతలన్నా కావాలి, అత్తగారి మీద చాడీలన్నా ఉండాలి. ఈసారి ఆ రెండూ కావు.

"పిన్నీ, మీ ఇంట్లో వాటాలు ఖాళీ అయితే ఎలా నింపుతావు?" అంది.

నాకు నవ్వొచ్చింది. అంత చదువు చదివిన పిల్ల బోరబండ ఓనరమ్మని సలహా అడగటమా! తీరా విషయం విన్నాక నవ్వు ఆగిపోయిందనుకోండి.

దాని మొగుడూ, మరో నలుగురు స్నేహితులూ కలిసి డాలస్‌కి రెండు గంటల దూరంలో ఓ మొబైల్ హోమ్ పార్కు కొన్నారట. పార్కంటే పూలమొక్కలూ ఉయ్యాలలూ అనుకున్నాను నేను. అబ్బే, స్థలం వీళ్ళది, అందులో ఇళ్ళు ఎవరివి వాళ్ళవి. ఫాక్టరీలో తయారుచేసి, చక్రాల మీద లాక్కొచ్చి దింపుకునే ఇళ్ళట అవి. నీళ్ళ గొట్టం, కరెంటు, మురుగు పోయే దారి స్థలం వాళ్ళు ఏర్పాటు చేస్తారు. ఇల్లు దింపుకున్నవాళ్ళు నెలనెలా జాగాకి అద్దె కడతారు. మొత్తం 60 జాగాలు. అందులో 22 ఖాళీ. ఖాళీ జాగా పైసా రాల్చదు గాని, పన్ను మాత్రం కట్టించుకుంటుంది.

"చక్రాలున్నాయంటున్నావుగా, ఇంకో పార్కు వాళ్ళని పిలవరాదూ?" అన్నాను, ఏదో తెలిసినదానిలా.

"చక్రాలు పేరుకే పిన్నీ. ఒకసారి దింపాక మళ్ళీ కదపాలంటే వేల డాలర్లవుతుంది. ఇల్లు పాతదైతే వేరే పార్కులవాళ్ళు రానివ్వనే రానివ్వరు. 1976లో ఇక్కడి ప్రభుత్వం ఆ ఇళ్ళ కట్టుబడికి నిబంధనలు పెట్టింది. అంతకు ముందు కట్టినవైతే మరీ కష్టం. ఖాళీలు నిండాలంటే మేమే కొత్త ఇళ్ళు కొని తెచ్చి, వాయిదాల మీద అమ్మాలి. అంత డబ్బు ఇప్పుడు లేదు. అందుకని ముందు ఉన్న 38 మందికీ అద్దె పెంచేద్దామంటున్నారు మీ అల్లుడుగారు. ఎలాగూ వాళ్ళు ఎక్కడికీ పోలేరు కదా!"

ఎక్కడికీ పోలేరు కదా! ఆ మాట అది ఎంత మామూలుగా అందంటే, పప్పులో ఉప్పు సరిపోయింది కదా అన్నట్టు అంది. నేనూ ఒకప్పుడు అలాంటి మాటలు అన్నదాన్నే కాబట్టి వెంటనే మందలించలేకపోయాను.

మాది బోరబండ. అమీర్‌పేట నుంచి ఎర్రగడ్డ మీదుగా వచ్చి, మోతీనగర్ దాటితే మా పేట. విచిత్రం చూడండి, ఇక్కడ కూడా సైట్లే! బస్సు దిగే చోట్లకి సైట్ వన్, సైట్ త్రీ అని పేర్లు. నూట యాభై గజాల్లో ఇల్లు మాది. మా వారు సనత్‌నగర్‌లో ఓ ఫాక్టరీలో పనిచేసి, చేతికొచ్చిన డబ్బంతా ఇందులోనే పోశారు. కింద మేముంటాం. పైన రెండంతస్తులూ మూడేసి వాటాలు. 2017 నవంబరులో అమీర్‌పేట మీదుగా మెట్రో రైలు నడవటం మొదలుపెట్టగానే, ఇంకేం, అద్దెలకి రెక్కలొస్తాయని మా వారు బాంకులో అప్పు చేసి రెండో అంతస్తు లేపారు. నెలకి పంతొమ్మిదివేలు వాయిదా. రెక్కలు అద్దెలకొచ్చాయో లేదో గాని వాయిదా మాత్రం ఐదో తారీకు ఠంచనుగా వచ్చి వాలుతుంది.

మా పేటలో ఇళ్ళు ఖాళీగా ఉండటమన్నది అప్పట్లో లేదు. మెట్రో కన్నా మాకు ఎం.ఎం.టి.ఎస్. రైలే బంగారం. 2003లో మొదలైంది. బోరబండలో ఎక్కితే తరవాత స్టేషను హైటెక్ సిటీ. అక్కడి అద్దాల మేడల్లో ఊడ్చేవాళ్ళూ, గేటు దగ్గర కాపలా కాసేవాళ్ళూ, కాంటీన్లలో వండేవాళ్ళూ ఇక్కడ కాపురముండేవారు. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులు నేర్చుకుంటూ, అక్కడి హాస్టళ్ళ ఖర్చు భరించలేని పిల్లలు నలుగురేసి కలిసి ఓ గది తీసుకునేవారు. టులెట్ బోర్డు పొద్దున కడితే సాయంత్రానికి విప్పేదాన్ని.

ఆ రోజుల్లో నా దర్జా చూసి తీరవలసిందే. మా గేటుకి రెండు రెక్కలు. ఎప్పుడూ ఒకటే తీసేవాళ్ళం. ఆ సందులో నేను నిలబడి విచారణ చేసేదాన్ని. ఎంతమంది? ఏం పని? చుట్టాలెక్కువా? ముక్క వండుతారా? కులం నోటితో అడగలేదు గాని, ఇంటిపేరు ఏమిటి, ఊరెక్కడ, అక్కడ ఏ వాడ అని చుట్టూ తిప్పి అదీ తెలుసుకునేదాన్ని. పదకొండు నెలలకి కాగితం రాయించేవాళ్ళం, ఏడాది దాటితే రిజిస్ట్రేషను తప్పదని. పదకొండు నెలలు నిండగానే అయిదొందలు పెంపు. "ఇష్టమైతే ఉండండి" అనేదాన్ని. పిల్లల బడి మధ్యలో ఉంది, ఎక్కడికి పోతారులే అని నా ధీమా. మా అక్కయ్య కూతురు కొత్తగా ఏం కనిపెట్టలేదు, చూశారా!

2019 డిసెంబరులో మొదటి అంతస్తులో నడిమి వాటా ఖాళీ అయింది. దాని సంగతి తరవాత చెబుతాను. అప్పటికి ధనుర్మాసం, ఆపైన పుష్యం. శూన్యమాసంలో ఎవరు పాలు పొంగిస్తారు, మాఘం రానీ అనుకున్నాం. మాఘం వెళ్ళింది, ఫాల్గుణం వెళ్ళింది, 2020 మార్చిలో కరోనా వచ్చింది.

రైళ్ళు ఆగిపోయాయి. కోచింగులు మూశారు. పిల్లలు పుస్తకాలు మా మెట్ల కింద మూటకట్టి పెట్టి ఊళ్ళకి పోయారు. కాంటీన్లో వండేవాళ్ళకి జీతాల్లేవు. మూడు నెలలు అద్దె అడగవద్దు, తరవాత వాయిదాల్లో తీసుకోండి అని ఏప్రిల్లో ప్రభుత్వం చెప్పింది. నేను అడగలేదు, నిజం. కాని "ఏమ్మా, అంతా కులాసాయేనా?" అని రోజుకోసారి మెట్లెక్కి పలకరించేదాన్ని. ఆ పలకరింపు ఎందుకో వాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు. జూలై వచ్చేసరికి రెండో అంతస్తు చివర వాటాలో ఇద్దరు నర్సమ్మాయిలు తప్ప అంతా ఖాళీ. ఆరింట ఐదు! రాత్రిళ్ళు పైన నీళ్ళ చప్పుడు కూడా ఉండేది కాదు. ఇల్లు కట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది, పైన ఎవరూ నడవకపోవటం ఎంత భయమో.

అది చాలదన్నట్టు అక్టోబరు మొదట్లో బోరబండలో భూమి కింద నుంచి ధనధనమని చప్పుళ్ళు. గిన్నెలు కదిలాయి. జనం రాత్రివేళ రోడ్ల మీదకి పరుగెత్తారు. మా వారు నన్ను లేపకుండా ముందు ఇంటి కాగితాల పెట్టె పట్టుకుని బయటికొచ్చారన్న సంగతి ఇప్పటికీ నేను మరిచిపోలేదు. ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రజ్ఞులొచ్చి యంత్రాలు పెట్టి చూసి, ఆ ఏడు వానలు ఎక్కువై నీరు రాతిపొరల్లోకి దిగటం వల్ల వచ్చిన చిన్న ప్రకంపనలే, భయం లేదన్నారు. అదే నెల 13న హైదరాబాదునంతా ముంచిన వాన. ఆ వారమే అడ్వాన్సు చేతబట్టుకుని వచ్చిన ఒకాయన, గోడ మీద వెంట్రుకంత పగులు చూసి, "ఇంట్ల అడిగొస్త" అని వెళ్ళి మళ్ళీ రాలేదు.

ఇక నింపే ప్రయత్నాలు వినండి. గోడలకి సున్నం వేయించాం. బోర్డు రేకుది తీసేసి, ఎర్రక్షరాలతో కొత్తది రాయించాం. బ్రోకరు ఒక నెల అద్దె తనకిమ్మన్నాడు. సరేనన్నాం. రెండు నెలల అడ్వాన్సుని ఒక నెలకి దించాం. అద్దె దించటానికి మాత్రం నాకు ప్రాణమొప్పలేదు. ఆరున్నరవేల వాటాని ఆరువేలకిస్తే ఏడాదికి ఆరువేలు పోవూ? మా వారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. "ఆ అయిదొందల కోసం మూడు నెలలు ఖాళీగా పెట్టావు. పందొమ్మిదివేల అయిదొందలు పోయింది. మూడేళ్ళపాటు తగ్గించి ఇచ్చినా ఇంకా మనకే లాభం." ఇంత లెక్క తెలిసిన మనిషి అప్పు చేసేటప్పుడు ఎందుకు వెయ్యలేదో!

తగ్గించాం. అయినా ఎవరూ రాలేదు.

2021 వచ్చింది. జనవరిలో మా పక్కనే రహమత్‌నగర్‌లో, ఇంటికి నెలకి ఇరవై వేల లీటర్ల నల్లానీళ్ళు ఉచితమన్న పథకం మొదలుపెట్టారు. జూన్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మళ్ళీ కూశాయి. ఎదురింటి బోర్డు దిగింది. పక్కింటివాళ్ళయితే మేడమీది రేకుల గది కూడా అద్దెకిచ్చేశారు. మాకు మాత్రం వచ్చినవాళ్ళు మెట్లెక్కి, చూసి, బాగుందని, సందు మొదట్లో కిరాణా కొట్టుదాకా వెళ్ళి, అంతే! ఆ కొట్టు దాటి వెనక్కి వచ్చినవాడు లేడు. వాస్తు చూపించాం. మెట్ల దిక్కు తప్పన్నాడు సిద్ధాంతి. మెట్లు పడగొట్టాలా అని నేను బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, గిన్నెలు తోమే ఆవిడ చేతులు కడుక్కుంటూ మెల్లగా అంది:

"అమ్మా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. మెట్లు కాదు, వాస్తు కాదు. పీనిగెను గేటు లోపటికి రానియ్యలేదని సందుల అందరికి ఎరుకనే. కిరాయికి అడగొచ్చినోళ్ళకు వాళ్ళే చెప్తున్నరు."

ఆ నడిమి వాటా సంగతి అదే. తరవాత చెబుతానని తప్పించుకున్నాను.

ఆ వాటాలో ఆటో నడుపుకునే అతను, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, తల్లి. మహబూబ్‌నగర్ వైపు పల్లె. నాలుగేళ్ళున్నారు. ఒక్క నెల అద్దె ఆలస్యం చెయ్యలేదు. ఆ ముసలమ్మ మధ్యాహ్నాలు మా గడపలో కూచుని నాకు చింతపండు గింజలు తీసి పెట్టేది. డిసెంబరులో ఆయాసం వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. మూడో రోజు పోయింది. రాత్రి పదకొండింటికి అంబులెన్సు మా గేటు ముందు ఆగింది. ఊళ్ళో ఉన్న చుట్టాలంతా వచ్చి చూసుకునేదాకా, తెల్లారేదాకా, ఇంట్లో ఉంచుకుని పొద్దున్నే పల్లెకి తీసుకుపోతామన్నాడు.

నేను గేటు ఒంటిరెక్క సందులో నిలబడ్డాను. "లోపలికి వద్దయ్యా" అన్నాను. నక్షత్రం మంచిదో కాదో, ధనిష్ఠా పంచకమైతే ఇల్లు ఆర్నెల్లు మూసిపెట్టాలంటారు, మిగతా వాటాలవాళ్ళు భయపడి ఖాళీ చేస్తారు, కొత్తవాళ్ళు రారు, అప్పు వాయిదా ఉంది... ఇవన్నీ అతనికి చెప్పాననుకుంటున్నాను. మా వారేమో వినబడలేదన్నట్టు లోపలే ఉండిపోయారు. అతను బతిమాలలేదు. గొడవ పెట్టలేదు. "మంచిదమ్మా" అన్నాడు. సందు మొదట్లో కరెంటు స్తంభం కింద టార్పాలిన్ పరిచి, తల్లిని పడుకోబెట్టి, ఆ చలిలో తెల్లవార్లూ కూచున్నారు. కిరాణా కొట్టాయన వాళ్ళకి టీ కాచి ఇచ్చాడట. నెలాఖరుకి వాళ్ళు ఖాళీ చేశారు. ఒక్క ట్రాలీ ఆటోలో సరిపోయింది సామానంతా.

కొత్తవాళ్ళు రారనే భయంతో ఆ పని చేశాను. సరిగ్గా అందుకే కొత్తవాళ్ళు రాలేదు. కరోనా మీదా, భూకంపం మీదా, మెట్ల మీదా తోసి ఏడాదిన్నర గడిపాను.

మర్నాడు సైట్ త్రీ దగ్గర ఆటోలు నిలబెట్టే చోటికి వెళ్ళాను. మాట కూడబలుక్కుని వెళ్ళాను గాని అతన్ని చూడగానే అన్నీ మరిచిపోయాను. "నేను చేసింది తప్పయ్యా. మీ అమ్మ ఎదురుగా ఉంటే ఆవిడ కాళ్ళు పట్టుకునేదాన్ని" అన్నాను. మిగతా ఆటోవాళ్ళు వింటున్నారు. విననీ అనుకున్నాను. అతను కాసేపు హాండిలు వైపు చూస్తూ కూచున్నాడు.

"అయిపోయింది గదమ్మా. ఎండల నిలబడ్డవు, కూర్చో. దింపుత" అన్నాడు.

దారిలో వాటా ఖాళీగా ఉంది, మళ్ళీ వచ్చేయమన్నాను. అల్లాపూర్‌లో ఉంటున్నాం, పిల్లల బడి అక్కడే అన్నాడు. సందు మొదట్లో ఆ స్తంభం దగ్గర ఆటో ఆపేశాడు. గేటుదాకా రాలేదు. నేను వందిస్తే, ముప్ఫై తీసుకుని, డెబ్భై లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

ఆ పూట నేను అన్నం తినలేదు. మా వారు కూడా మాట్లాడలేదు. సాయంత్రం ఆయనే వెళ్ళి బోర్డు విప్పి తెచ్చారు. "ఎందుకండీ?" అంటే, "ఉంటే ఏం లాభం?" అన్నారు.

పదిహేను రోజులకి కాబోలు, ఒకావిడ గేటు తట్టింది. హైటెక్ సిటీలో ఆఫీసు ఊడ్చే పని. "ఆటో అన్న పంపిండు. ఇల్లు ఖాళీ ఉన్నదట గద" అంది. నేను నోరు తెరవకముందే ఆవిడే మొదలుపెట్టింది. "ముందే చెప్తున్నమ్మా. మా మామకు పక్షవాతం. మంచంలనే ఉంటడు. నాలుగిండ్లు చూసినం. మొత్తం విని ఇయ్యమంటున్నరు. రేపేమన్నయితే..."

నా వెనక మా వారి చెప్పుల చప్పుడు ఆగింది. నేనేమంటానో అని చూస్తున్నారు.

"ఏమైనా అయితే ఇంటికే తీసుకురండి" అన్నాను. ఏ సిద్ధాంతినీ అడగలేదు. ఎంతమంది, ఏం వండుతారు అని కూడా అడగలేదు. అడుగుదామన్నా గుర్తు రాలేదు.

వాళ్ళు చేరాక, వాళ్ళ తోటి పనివాళ్ళు మరో రెండు కుటుంబాలు వచ్చాయి. కిరాణా కొట్టాయన స్వయంగా ఒకర్ని వెంటబెట్టుకొచ్చాడు. దసరాకి ఆరూ నిండాయి. పదకొండు నెలల పెంపు మానేశాం. రెండేళ్ళకోసారి, అదీ మాట్లాడుకుని. ఒక్క మీటరుతో కరెంటు తగాదాలెందుకని వాటాకో మీటరు పెట్టించారు మా వారు. ఆయన జీవితంలో కలిసొచ్చిన పెట్టుబడి అదొక్కటే! 2024 మార్చి నుంచి రెండొందల యూనిట్లలోపు వాడే పేదిళ్ళకి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోంది కదా, అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తుంది. ఇప్పుడు ఇల్లు చూడొచ్చేవాళ్ళ మొదటి ప్రశ్న "మీటరు వేరేనా?" అనే. మాకిప్పుడు ఒకరు వెళ్ళేలోగా ఇంకొకర్ని వాళ్ళే చెప్పి పెడతారు. బోర్డు మంచం కింద ఉంది. దానిమీద మా వారు వడియాలు ఎండబెట్టమంటారు, రేకుది కాదుగా, ఎలా ఎండుతాయి?

ఇదంతా మా అక్కయ్య కూతురికి చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. లైను తెగిందేమోననుకున్నాను.

"పిన్నీ, నీవి ఆరు వాటాలు. మావి అరవై జాగాలు" అంది చివరికి.

"ఆ 38 మందిలో ఎంతమంది పేర్లు తెలుసే నీకు?" అన్నాను.

తెలియదంది. అద్దె వసూలుకి మనిషిని పెట్టారట. పోనీ ఆ ముప్ఫై ఎనిమిది మందినీ అడిగి చూడమన్నాను. దారి బాగాలేదా, నీళ్ళు సరిగా రావటం లేదా, వాళ్ళ అక్కచెల్లెళ్ళెవరైనా ఇల్లు వెతుక్కుంటున్నారా అని. పెంచటం ఆర్నెల్లు ఆపమన్నాను. మా ఆయన వింటాడో లేదో అంది. నీ డబ్బు కూడా ఉంది కదే అందులో అన్నాను.

ఒక్కటి మాత్రం ఫోన్లో చెప్పలేకపోయాను. ఆ పక్షవాతం తాతగారు మా ఇంట్లో ఏడాది పైన ఉన్నారు. 2023 జనవరిలో, ఇంట్లో గొబ్బెమ్మలు ఇంకా ఆరకముందే, ఆస్పత్రిలో పోయారు. తెల్లవారుజామున అంబులెన్సు వచ్చి ఆగింది. స్ట్రెచరు ఒంటిరెక్క సందులోంచి పట్టదు. రెండో రెక్క గడియ తీయబోతే రాలేదు, ఇన్నేళ్ళుగా తీస్తేగా! తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అందరూ నిలబడి చూస్తున్నారు. మా వారు ఇటుకరాయి తెచ్చి, నాలుగు దెబ్బలు కొట్టి లేపారు. ఆ గడియ వంకర పోయి, అప్పటినుంచీ సరిగా పడటం లేదు. వెల్డింగు చేసే అబ్బాయిని పిలవాలని రోజూ అనుకుంటూనే ఉన్నాం.